సాయంత్రపు కుదుపు

"వదినా, ఇవాళ ఈ మెకానిక్ మాట వినకపోతే నీతో నాకు మాటల్లేవు," అంది లూత్సె, ఎండు అంజూరాల పళ్లెం బల్ల మీద పెడుతూ.

"అంత అదృష్టమా నాకు!" అంది పెరీనా, మోటారు కుర్చీలోంచి.

స్ప్లిట్ పట్నం నుంచి ఓడలో వచ్చిన మెకానిక్ దావోర్ నవ్వు ఆపుకున్నాడు. నవ్వే సంగతి కాదు. పెరీనా ఇల్లు రేవు గట్టు మీదే ఉంది. గట్టుకు పిట్టగోడ లేదు, కింద లోతైన నీళ్లు. కిందటి వారం ఆ కుర్చీ తనంతట తానే ముందుకు ఉరికి, అంచుకు జానెడు దూరంలో ఆగింది. కళ్లారా చూసిన ఆడపడుచు లూత్సె వెంటనే ఫోన్ చేసి అతన్ని రప్పించింది.

బ్యాటరీలు నిండుగానే ఉన్నాయి. తీగలూ గట్టిగానే ఉన్నాయి.

"ఎప్పుడు కుదుపుతుంది పిన్నీ?"

"మా పడవ వచ్చేటప్పుడు."

చేపల పడవలు గట్టుకు చేరేముందు వైర్‌లెస్ రేడియోలో తమ పేరు చెప్పడం ఆ దీవిలో అలవాటు. పడవకు ఒకసారి పెట్టిన పేరు ఎవరూ మార్చరు, అరిష్టం. పెరీనా మొగుడు ఫ్రానె తన పడవకు పెళ్లాం పేరే పెట్టుకున్నాడు. కుర్చీ వచ్చిన తొలి సాయంత్రం అతను సరిగ్గా ఇంటి ముందుకొచ్చి, "పెరీనా వస్తోంది," అని రేడియోలో అనగానే కుర్చీ ఉలిక్కిపడి ముందుకు కదిలింది. ఫ్రానె పడవలోంచే పగలబడి నవ్వాడు.

"కుర్చీకున్న ప్రేమ నీకు లేకపోయిందే! ఏనాడైనా ఎదురొచ్చావా?"

దావోర్ సంచిలోంచి, కుర్చీని నడిపే కొత్త పెట్టె తీశాడు.

"ఆ రేడియో తరంగాలు మీ కుర్చీలోని పాత పెట్టెను తికమక పెడుతున్నాయి పిన్నీ. మీరే చేతి దగ్గరి పుల్ల ముందుకు తోశారనుకుని చక్రాలు తిప్పేస్తోంది. ఇది బిగిస్తే ఇక కుదుపు ఉండదు."

"అసలు ఉండదా?"

"పక్కన నిలబడి రేడియో మీట నొక్కినా ఉండదు."

"అయితే వద్దు నాయనా."

లూత్సె నుదురు కొట్టుకుంది. "సముద్రంలో పడి చస్తావు వదినా!"

"సముద్రంలో మీ అన్నయ్య ఉన్నాడుగా. పట్టుకుంటాడులే."

లూత్సె మొహం పక్కకు తిప్పుకుంది.

"పోనీ, పడవ కనబడగానే కుర్చీ స్విచ్ కట్టేయండి," అన్నాడు దావోర్. పెరీనా తల అడ్డంగా ఊపింది. "లేదంటే దూరంగా ఉండగానే రేడియో మీట నొక్కమని మీ ఆయనతో చెప్పండి."

"చెప్తే వినే మనిషా ఆయన?"

అలా వదిలేసి పోవడానికి దావోర్‌కు మనసొప్పలేదు. ఓ పాత దూలం వెతికి లాక్కొచ్చి, గట్టు అంచున ఇనప కడియాలకు మోకుతో బిగించి కట్టాడు. పెరీనాకు నడుం బెల్టు పెట్టాడు. కొత్త పెట్టె మళ్లీ సంచిలోకే పోయింది.

ఎండ వాలింది. పెరీనా తల దువ్వుకుని గట్టు మీదికొచ్చింది. ఇంజను చప్పుడు దగ్గరైంది. కిటికీలో ఉన్న రేడియో గరగరలాడింది.

"పెరీనా వస్తోంది."

కుర్చీ ఉలిక్కిపడి ముందుకు ఉరికింది. దూలానికి తగిలి ఆగింది.

"వస్తున్నా, వస్తున్నా. ఏం తొందర!" అంది పెరీనా, జుట్టు సవరించుకుంటూ.

రేడియో పక్కన పెట్టి గట్టు మీదికి మోకు విసిరినవాడు, కిందటేడు నడిసముద్రంలో ఫ్రానె లేకుండా దొరికిన ఆ పడవను పేరుతో సహా కొనుక్కున్న పొరుగు దీవి మనిషి.