రెండో వాయిదా

కోర్టుకు వెళ్లకూడదని మేమిద్దరం ఇచ్చుకున్న మాట ముప్ఫై ఏళ్ల కిందట తప్పిపోయింది.

విడాకులకు ఇద్దరం కలిసే దరఖాస్తు పెట్టాం. ప్లీడరు ముందే చెప్పాడు: "వెంటనే ఇవ్వరు. ఆరు నెలలాగి ఇద్దరూ మళ్లీ వచ్చి కావాలని చెప్పాలి. ఒక్కరు కాదన్నా, రాకపోయినా విడాకులు లేనట్టే." ఆరో నెలకు మనసులు కలిశాయి. "ఇద్దరం వెళ్లొద్దు, సరేనా?" అంది నా భార్య. సరేనన్నాను.

వాయిదా రోజు ఆమె లైబ్రరీకని బయలుదేరింది. కొత్త పుస్తకం ఏదొచ్చినా లైబ్రేరియన్ ముందు ఆమెకే తీసిపెట్టేవాడు. ఊళ్లో అందరికంటే ఎక్కువ చదివిన నాకు అట్టలు ఊడినవి మిగిలేవి. వాడే ఆమెను కోర్టుకు పంపుతాడని అనుమానం పుట్టి, వెళ్లి కోర్టు వరండాలో కాపు కాశాను.

పదకొండింటికి ఆమె ఆయాసపడుతూ వచ్చింది.

"వస్తావని తెలుసు" అన్నాను.

"మీరు కోర్టు మెట్లెక్కుతుంటే చూశానని లైబ్రేరియన్ గారు చెప్పారు. ఇంటికి తీసుకెళదామని వచ్చాను."

"ఆయనగారికి నీతో అన్ని కబుర్లేమిటో."

బంట్రోతు పిలిస్తే ఆమె నాకంటే ముందే లోపలికి నడిచింది.

"పొద్దున వద్దనుకున్నానండీ. ఇప్పుడు కావాలి" అని జడ్జికి చెప్పింది.

జడ్జి నావైపు తిరిగాడు. నేను వద్దంటే ఆగిపోయేది.

"నాకూ కావాలి" అన్నాను.

మా కాపురం ఎవరు కూల్చారని అడిగితే, ఇప్పటికీ ఆ లైబ్రేరియనే అంటాను.