చావింటి వంట

లవోనా ఓవెన్‌లోంచి పళ్ళెం బయటికి తీసేసరికి వంటిల్లంతా కోడిమాంసం, చీజ్ కలిసిన కమ్మటి వాసన. మంచం మీంచి లేచొచ్చిన మిస్టీ అంచున ఒక ముక్క గిల్లబోయింది.

లవోనా ఆ చేతి మీద ఠపీమని కొట్టింది.

"ముట్టుకోకు! అది మనకు కాదు."

"ఎప్పుడూ నాకు కాస్త తీసిపెట్టేదానివిగా?"

"ఇవాళ పెట్టలేదు. సూపుంది, వేడిచేసుకో."

మిస్టీకి ఇరవయ్యారేళ్ళు. తొమ్మిదో ఏట నుంచి షుగరు. రోజూ ఇన్సులిన్ పడకపోతే మనిషి నిలవదు. పోయిన పుట్టినరోజుతో తల్లి ఆరోగ్య బీమాలోంచి ఆమె పేరు తీసేశారు. అమెరికాలో పిల్లలకు ఇరవయ్యారు నిండితే అందరికీ అంతే. అప్పటినుంచి చేతి డబ్బు పెట్టి కొనడమే.

ఆ మందేమన్నా నిన్న మొన్న కనిపెట్టిందా? దాదాపు వందేళ్ళ నాటిది. ఇరవై ఏళ్ళ కిందట లవోనా మేనత్త ఇదే సీసా ఇరవై డాలర్లకు కొనేది. ఇప్పుడు మూడొందలు. సీసా మారలేదు, మూత మారలేదు, లోపలి మందూ మారలేదు. ఇదేం అన్యాయమని అడిగితే మందులషాపు రస్సెల్, "నన్నడిగితే నేనేం చెప్పనమ్మా! పైనుంచి కాగితం వస్తుంది, నేను అంకె మారుస్తా" అంటాడు. స్కూలు క్యాంటీన్లో వడ్డించే లవోనా జీతానికి నెలకు ఒక సీసా వస్తుంది. మిస్టీకి మూడు కావాలి.

మిగతా రెండూ ఎక్కడినుంచి వస్తున్నాయో మిస్టీ ఏనాడూ అడగలేదు. అడగకపోయినా తెలుసు.

వాళ్ళుండే ఆ బొగ్గుగనుల కొండల్లో ఎవరైనా పోతే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తలా ఒక వంటకం చేసి పట్టుకెళతారు. ఇంటివాళ్ళు హాల్లో ఏడుస్తుంటారు. వచ్చినామె తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ తెరిచి గిన్నె సర్దుతుంది. వెనకాల ఎవరూ రారు. పోయిన మనిషికి షుగరుంటే, ఫ్రిజ్ తలుపు అరలోనే సీసాలు ఉంటాయి. ఎలాగూ పారేసేవే. ఈ ఏడాది లవోనా ఏడిళ్ళకు వెళ్ళింది. మొదటిసారి కారులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత్తర్వాత ఏడుపు కూడా రావడం మానేసింది.

అయితే నెలన్నరగా పేపర్లో చావుకబుర్లు చదివి చదివి ఆమె కళ్ళు కాయలు కాశాయి. పోయినవాళ్ళంతా గుండె జబ్బుల వాళ్ళో, ఊపిరితిత్తులు పాడైనవాళ్ళో. మిస్టీ తల్లికి చెప్పకుండా మోతాదు సగం చేసుకుంది. నిన్న పొద్దున బాత్రూంలో స్పృహ తప్పి పడిపోయాక, ఇక చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇవాళ ఎవరింటికమ్మా?"

"వాగవతల, ఎల్బర్ట్ తాతింటికి."

మిస్టీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! మొన్న ఆదివారం చర్చిలో జుట్టు లాగి ఆటపట్టించాడు కదమ్మా!"

"ఎనభై దాటిన మనిషి. ఎన్నాళ్ళుంటాడు?"

ఎల్బర్ట్ గనిలో పనిచేసి రిటైరైన ముసలాయన. భార్య పోయింది, పిల్లలు లేరు. యూనియన్ కార్డు మీద మూడు నెలల ఇన్సులిన్ ఒకేసారి ఉత్తినే ఇస్తారు. సోమవారం నాడే అంత సంచీ చంకలో పెట్టుకుని రస్సెల్ షాపులోంచి వెళ్ళడం లవోనా కళ్ళారా చూసింది. అంతకుముందు నెలలో సిగ్గు విడిచి రెండు సీసాలు అడిగింది కూడా. "తెలిస్తే నా కార్డు పీకేస్తారే తల్లీ, నేను చస్తాను" అన్నాడు.

మామూలుగా అయితే గాజు గిన్నె తీసుకెళ్ళేది. తిరిగి రావాలి కనక అడుగున ప్లాస్టరు అంటించి పేరు రాసేది. ఇవాళ వాడి పారేసే రేకు పళ్ళెం. పేరు రాయలేదు. చేతులు మాత్రం సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

"నేనూ రానా? పాపం, ఆఖరిసారి చూసొస్తా."

"వద్దు! పడుకో నువ్వు." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

వాగు మీద చెక్క వంతెన దాటి కారు ఆపింది. వాకిట్లో ఇంకే కారూ లేదు. మెట్లెక్కింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. బాత్రూం నేల మీద తెల్లగా పాలిపోయిన మిస్టీ మొహాన్ని పట్టుబట్టి గుర్తు తెచ్చుకుని, తలుపు కొట్టింది.

ఎల్బర్ట్ తలుపు తీసి, ఆమె చేతిలోని పళ్ళెం చూసి, "అయ్యయ్యో, ఎవరు పోయారే తల్లీ?" అన్నాడు.