పెద్దాయనకు స్కెచ్

ప్రొద్దుటూరులో ఎగ్జిబిషన్ అంటే జెయింట్ వీల్ ఉండాలి, మిరపకాయ బజ్జీల వాసన రావాలి, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదవాలి. పాత పత్తి మిల్లులో కొత్తగా తెరిచిన డిజైన్ మ్యూజియంలో ఇవేవీ లేవు. అయినా నెల పొడుగునా సందడే. ఒక వారం నగల అచ్చులు, ఇంకో వారం చీరల అంచులు, ఇప్పుడు కుర్చీలు, మంచాలు. నులక మంచాన్ని అద్దాల వెనక పెట్టడం చూసి జనం నవ్వుకుంటూ పోతున్నారు.

పెంచలయ్య మాత్రం నవ్వలేదు. రోజూ వస్తున్నాడు. అతను చూసేది కుర్చీల్ని కాదు, తలుపుల్ని, కిటికీల్ని.

ఆఖరి ఆదివారం ముగింపు సభకు పెద్దాయన వస్తున్నాడు. పెద్దాయన అంటే నాగేశ్వరయ్య. సింహాద్రిపురం వైపు పల్లెలకు ఆయన మాటే మాట. ఎలక్షన్లు దగ్గర పడ్డాయి. అవతలి పార్టీ ఆయన ప్రాణం కోసం కాచుకుని ఉందని పులివెందుల బస్టాండులో టీ తాగేవాళ్లకు కూడా తెలుసు. అందుకే ఆయన ఇల్లు కదిలితే జీపులో పక్కన పెంచలయ్య ఉండాల్సిందే. పెంచలయ్య తాగి చూడందే ఆయన బయట మంచినీళ్లు కూడా ముట్టడు.

గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టిన పెంచలయ్యకు ఈ కొలువు అన్న వల్ల దొరికింది. అన్న రామసుబ్బయ్య పెద్దాయన మీది కేసును తన నెత్తిన వేసుకుని జైలుకు పోయాడు. నెల తిరక్కుండా బెయిలు తెప్పిస్తానన్నాడు పెద్దాయన. బెయిలు రాలేదు, శవం వచ్చింది. పెద్దాయనే ముందుండి పాడె మోశాడు. ఎంత పెద్ద మనసో అని ఊరంతా మెచ్చుకుంది. “ఇంక నాకు తమ్ముడివి నువ్వేరా” అని ఆ రోజే పెంచలయ్యను పక్కన పెట్టుకున్నాడు. అప్పటినుంచీ పెద్దాయన విషయంలో పెంచలయ్య ఎవరినీ నమ్మడు.

మ్యూజియం వాచ్‌మన్ ఫకీర్ సాహెబ్‌ను పట్టుకుని అడిగాడు.

“పెద్దాయన యాడ కూర్చుంటాడు?”

“ఆ నడిమి కుర్చీలో అప్పా.”

“ఎనక కిటికీ ఉండాదే.”

“అది తెరుచుకోదులే. శానా ఏండ్లాయ బిగుసుకుపోయి.”

పెంచలయ్య పోయి కిటికీని తోశాడు. కదల్లేదు. భుజం ఆనించి మళ్లీ తోశాడు. తెరుచుకుంది. ఫకీర్ సాహెబ్ మొహం పాలిపోయింది.

“భయపడాకు. ఎవురికీ చెప్పాకు. నేను చూసుకుంటా” అన్నాడు పెంచలయ్య.

కిటికీ సంగతి తేలిందనుకుంటే ఇంకోటి వచ్చి పడింది. మ్యూజియం నడిపే రమణి ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి కూతురు. ఎక్కడో పెద్ద ఊళ్లో చదివొచ్చింది. ఆమె ఆఫీసు గదిలో ఫోన్లో మాట్లాడుతుంటే పెంచలయ్య చెవిన పడింది.

“నాగేశ్వరయ్యగారికి స్కెచ్ వేసేశాం. ఆయనకు ఏమాత్రం అనుమానం రాలేదు. ఆదివారం అందరి ముందరే.”

పెంచలయ్య తలుపు పక్కనే ఆగిపోయాడు. ఫలానావాడికి స్కెచ్ వేశారంటే ఈ సీమలో ఒకటే అర్థం. వాడింక భోజనానికి ఇంటికి రాడు.

పెద్దాయనకు చెబుదామా అనుకున్నాడు. చెబితే ప్రోగ్రామే మానుకుంటాడు. ఎలక్షన్ల ముందు భయపడి ఇంట్లో కూర్చున్నాడంటే ఇంకేముంది? ఏదైనా తనే తేల్చుకోవాలి.

ఆ రోజు నుంచి రమణిని వదల్లేదు. ఆమె టేపు పట్టుకుని వేదిక కొలిచింది. పెద్దాయన నిలబడే చోట నేల మీద సుద్దతో గుర్తు పెట్టింది. ఆమె భుజాన ఎప్పుడూ పొడుగాటి గొట్టం ఒకటి వేలాడుతోంది. తుపాకీ పట్టేంత గొట్టం. ఆడపిల్లను పంపితే ఎవరూ అనుమానించరని ఎవడు ఎత్తు వేశాడో పెంచలయ్యకు అంతుపట్టలేదు.

శనివారం ఇక ఉండబట్టలేక ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

“ఆ గొట్టంలో ఏముండాదమ్మా?”

“కాగితాలన్నా.”

“మూత తీ.”

రమణి బిత్తరపోయి మూత తీసింది. చుట్టిన కాగితం ఒకటి బయటికి లాగి విప్పింది. పెన్సిలు గీతల్లో పెద్దాయన. కోరమీసాలు, భుజాన తువ్వాలు, చెవి కింద పులిపిరితో సహా ఆయనే.

“పెద్దాయనకు స్కెచ్ ఏసినామంటివే ఫోన్లో. ఇదేనా?”

“ఇదేనన్నా. సభలో చేతికిద్దామని. ముందే ఆయనకు చెప్పబాకు.”

“ఇంగేం లేదు గదా?”

“ఇంగేముంటాదన్నా?”

పక్కనే నిలబడి వింటున్న ఫకీర్ సాహెబ్ సంగతి అర్థమై కడుపు పట్టుకుని నవ్వాడు. పెంచలయ్యకూ నవ్వొచ్చింది. ముట్టుకోవద్దని బోర్డు పెట్టిన కుర్చీలోనే కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తర్వాత బొమ్మను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు.

“కండ్లు బాగా దించినావమ్మా. మా అన్న పాడె మోసేటప్పుడు ఇట్లనే ఉండె” అన్నాడు.

మ్యూజియం బయటికి వచ్చేసరికి ఒంట్లో బరువంతా దిగిపోయినట్టుంది. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్లి అద్దం తలుపు వేసుకున్నాడు. నంబరు తిప్పాడు.

జమ్మలమడుగులో అవతలి పార్టీ నాయకుడు ఫోనెత్తగానే, “పెద్దాయనకు మనం ఏసిన స్కెచ్ తప్ప ఈడ ఇంగో స్కెచ్ ఏం లేదు మామా, రేపు ఆ కిటికీ కాడికి రాండి” అన్నాడు పెంచలయ్య.