పెద్ద ఇంజను

"దీని బ్రేకులు చిన్న ఇంజనుకు సరిపోయేవి పెద్దాయనా," అన్నాడు మెకానిక్. నా పాత కారులోంచి తీసిన ఇంజను గొలుసుకు వేలాడుతోంది. దానికి రెండింతల బలమున్న ఇంకో ఇంజను కింద గోనెపట్టా మీద ఉంది. "ఇది పెడితే అవి ఆపలేవు. వాటినీ మార్చాలి."

"ఆగడం ఎవడిక్కావాలి? ఆసుపత్రి కొండ ఎక్కితే చాలు. ముందు బిగించు."

పక్కనే స్టూలు మీద మా అమ్మాయి నిండు నెలలతో కూర్చుని ఉంది. నిరుడు వాళ్ళమ్మకు గుండెనొప్పి వచ్చినప్పుడు ఈ కారు నడిపింది తనే. ముగ్గురు ఎక్కితే లాగదని నేను వెనకాల స్కూటరు మీద బయల్దేరాను. కొండ సగంలో కారు ఆగిపోయింది. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

"ఈ డొక్కు ఇంజనే మీ అమ్మను చంపింది," అన్నాను. "నిన్ను కూడా దీని చేతిలో పెట్టను."

"అది ఆగిపోలేదు నాన్నా. నేనే ఆపాను."

మెకానిక్ తల వంచుకుని చేతులు తుడుచుకోసాగాడు.

"లాగలేదన్నావుగా?"

"మరేం చెప్పమంటావు? అమ్మ వెనక్కి తిరిగి చూసి, 'మీ నాన్న కనపడ్డంలేదు, ఆపవే, రానీ' అంది. వద్దంటే తలుపు తియ్యబోయింది."

వేలాడుతున్న ఇంజను వంక చూశాను. ఏడాదిగా దాన్ని తిట్టని రోజు లేదు.

"పెద్దదే పెట్టు," అన్నాను మెకానిక్‌తో. "బ్రేకులు కూడా మార్చు. ఈసారి నేనూ కార్లోనే వస్తాను."