అమ్మ ఎందుకు లేచింది?

"మాటివ్వమ్మా. ఇక నేను పక్కన లేకుండా కుర్చీలోంచి లేవనని మాటివ్వు."

కూతురు చాచిన అరచెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

ఎముకల ఆసుపత్రిలో కట్లు కట్టే గది అది. ఎత్తుబల్ల మీద తల్లి కూర్చుని ఉంది. కాంపౌండరు ఆమె కుడి మణికట్టు చుట్టూ తడి పిండికట్టు చుడుతున్నాడు.

"చెయ్యి కదపకండమ్మా," అన్నాడు.

"నేనెక్కడ కదుపుతున్నాను నాయనా, అదే కదులుతోంది. చెయ్యేమో నా మాట వినదు, నేనేమో మా అమ్మాయి మాట వినను. మా ఇంట్లో అందరిదీ ఒకటే వరస."

కాంపౌండరు నవ్వాడు. కూతురు నవ్వలేదు.

డాక్టరు వచ్చి ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "పార్కిన్సన్స్, ఈ వణుకుడు జబ్బు ఉన్నవాళ్ళు తూలి పడిపోతుంటారమ్మా. పైగా మీ అమ్మగారి ఎముకలు గుల్లబారాయి. ఇవాళ మణికట్టుతో పోయింది. ఈసారి తుంటి విరిగిందంటే మంచం దిగడం కష్టం. ఒంటరిగా లేవనివ్వకండి," అని చెప్పి పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

"విన్నావుగా?" అంది కూతురు. "మంచినీళ్ళు చేతికందేలా పెట్టే వెళ్ళాను. బాత్‌రూమ్‌కి లేచావా?"

"కాదు."

"ఫోన్ మోగిందా?"

"లేదు."

"పాలు పొంగాయనుకున్నావా?"

"పాలు దించాకే కదే నువ్వు పెరట్లోకి వెళ్ళింది."

"మరి దొంగలు పడ్డారా?"

"పడితే కూర్చోబెట్టి కబుర్లు చెప్పించుకునేదాన్ని. నాకూ పొద్దుపోయేది."

కూతురికి ఒళ్ళు మండింది. పొద్దున తను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే దబ్బుమని చప్పుడైంది. తడి దుప్పటి అక్కడే పడేసి పరిగెత్తుకొస్తే, వెనక గుమ్మం దగ్గర బోర్లా పడి ఉంది తల్లి. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోంచి పోలేదు.

తల్లి మొహంలోకి పట్టి పట్టి చూసింది. ఒకప్పుడు ఆ మొహం చూస్తే చాలు, కడుపులో ఏముందో తెలిసిపోయేది. ఇప్పుడు ఇస్త్రీ చేసిన గుడ్డలా ఒక్క ముడతైనా పడదు. జబ్బు చేతిని ఆడించింది, మొహాన్ని ఆపేసింది. మాట అంటుంది, జోకు వేస్తుంది, కానీ నవ్వు మాత్రం పైకి రాదు. ఆ నవ్వు ఒక్కసారి చూడాలని కూతురికి ఎంత ఆశో.

"నేనెప్పుడైనా విసుక్కున్నానా అమ్మా?"

"లేదే తల్లీ."

"మరి నన్ను పిలవడానికి నీకేం నామోషీ?"

"పిలిచాను. నా గొంతు గడప దాటలేదు."

కూతురు తల్లి కొంగు సర్ది, "దాటకపోతే నేనొచ్చేదాకా ఆగాలి. అప్పుడేం కొంపలు మునిగాయని?" అంది.

"ఆగితే అయిపోతుందేమోనని భయమేసింది."

"ఏమిటి అయిపోయేది?"



కాంపౌండరు కట్టు చివర అదిమి, "ఆరేదాకా ఇక్కడే కూర్చోండి," అని గిన్నె పట్టుకుని బయటికి వెళ్ళాడు.

కూతురు మళ్ళీ చెయ్యి చాచింది. ఈసారి ఆ గొంతులో కోపం లేదు. "ఎడమ చేత్తోనైనా మాటివ్వమ్మా. నువ్వు మంచాన పడితే నేను చూడలేను. నాకెవరున్నారు చెప్పు?"

తల్లి ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. కూతురి అరచేతి దాకా వచ్చి, తాకీ తాకకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

"వద్దులే. ఇచ్చి తప్పలేను."

"తప్పడమెందుకు? మాట తప్పేంత పని ఏముంది నీకు?"

తల్లి పిండికట్టు వైపు చూసుకుంది. కట్టులోంచి బయటికొచ్చిన వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

"పొద్దున ఈ చెయ్యి ఉన్నట్టుండి వణకడం మానేసిందే, నీకు చూపిద్దామని పరిగెత్తాను... మళ్ళీ ఎప్పుడైనా ఆగితే, లేవకుండా ఎలా కూర్చోమంటావు?"