పొదిగే పెట్ట ఓటు

దొడ్డికి పెద్దను ఎన్నుకునే రోజు వచ్చింది. కంచెకున్న కంత పూడ్పిస్తానన్న బాతుకే ఓటు వేయాలని చుక్కల పెట్ట ముందే అనుకుంది. పోయిన విడత ఆ కంతలోంచే ముంగిస దూరి దాని గుడ్లన్నీ తాగిపోయింది. ఇప్పుడు గంపలో మళ్లీ పన్నెండు గుడ్లు పొదుగుతోంది.

గింజలకని లేచినప్పుడు ఎన్నికల అధికారి కొంగ దగ్గరికి వెళ్లింది. కొంగ ఓటర్ల పేర్లన్నీ మట్టిలో ముక్కుతో గీసి పెట్టుకుంది.

"నా పేరేదీ, కొంగయ్యా?"

"నువ్వు చచ్చిపోయావుగా! మూడు రోజులు పొద్దున్నే వచ్చి పిలిచాను. ఒక్కరోజైనా బయటికొచ్చి పలికావా?"

"గుడ్లు పొదుగుతున్నాను. నువ్వే గంప దాకా వచ్చి చూడొచ్చుగా?"

"ఆడవాళ్లు పొదిగే చోటికి తొంగి చూడడం మర్యాదేనా, అమ్మా?"

"మరి డేగపుంజు పేరుందేం? నిరుడే ముంగిస ఎత్తుకుపోయిందిగా!"

"ఆయన కూత ఇంకా నా చెవుల్లో మోగుతోంది. ఎలా కొట్టేయను?"

అక్కడ గుడ్లు చల్లారిపోతున్నాయి. చుక్కల పెట్ట ఇక వాదించకుండా, పుట్టినప్పటినుంచీ చేస్తున్న పనే చేసింది. రెండు కాళ్లతో మట్టి గీరింది. జాబితా అంతా దుమ్మై లేచింది.

"అయ్యో, అందరినీ చంపేశావే!"

"మళ్లీ రాసుకో. ఈసారి గంప దగ్గర మొదలుపెట్టు," అని పెట్ట వెళ్లి గుడ్ల మీద కూర్చుంది.

కాసేపటికి కొంగ గంప ముందుకొచ్చి మెడ వంచింది.

"పేరు చెప్పమ్మా."