ఎర్ర గీత

సెగామెట్సి తెచ్చిన చొక్కాను ఒరాబిలే కాగితం మీద దులిపాడు. గుప్పెడు ఎర్ర దుమ్ము రాలింది.

చొక్కా ఆమె భర్త మొలెఫీది. గనిలో మాంగనీసు రాళ్ళు పొడి చేసే మిల్లులో పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. ఇప్పుడు చేతులు వణికి బొత్తాలు కూడా పెట్టుకోలేకపోతున్నాడు. మాంగనీసు దుమ్ము నరాలకెక్కిందని రుజువైతే పరిహారం వస్తుంది. అది ఉత్త ఇనుప దుమ్మని తేలితే ఏమీ రాదు. ఇనుము నరాల జోలికి పోదు. తేల్చాల్సింది గని ప్రయోగశాలలో ముప్ఫై ఒక్కేళ్ళుగా ఉన్న ఒరాబిలే.

దుమ్మును గరుకు పలక మీద రుద్దాడు. ఎర్ర గీత పడింది. అయస్కాంతం చూపించాడు. దుమ్ము లేచి అతుక్కుంది. ‘ఇనుప ఆక్సైడు’ అని రాసిచ్చాడు.

సెగామెట్సి కాగితాన్ని కళ్ళకు ఆనించుకుని చదివింది. ఒరాబిలే అక్షరాలు ఆవగింజలంత ఉంటాయి. ఏటేటా ఇంకా చిన్నవవుతున్నాయి. కాగితం దగ్గర మంచి పొదుపరి అని స్టోరువాళ్ళు మెచ్చుకుంటారు.

“అన్నా, మిల్లులో ఆడించింది మాంగనీసు రాయి. ఈయన చొక్కాకి మాత్రం ఇనుమే అంటుకుందా? మాంగనీసు ఎటు పోయిందంటావు?”

ఒరాబిలేకు సిగ్గేసింది. సిగ్గు ముఖం దాకా రాలేదు. ఆయన ముఖం దాకా ఏదీ రాదు. కూతురి పెళ్ళిలో కూడా నవ్వలేదని భార్య బోనోలో ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది. తోటివాళ్ళు ‘రాతిముఖం’ అని పేరు పెట్టారు. కోడిపుంజులా మునివేళ్ళ మీద నడుస్తాడని వెనకాల నడిచి చూపిస్తారు. ఇన్నేళ్ళు రాతిపొడి ట్రేలు ఒలక్కుండా మోసిన అలవాటులే అని ఆయన సర్దిచెప్పుకుంటాడు.

సెగామెట్సి అడిగింది నిజమే. ఆ నేలలో ఇనుము, మాంగనీసు కవలపిల్లలు. ఒకే స్ఫటికంలో ఒకదాని చోట ఒకటి సర్దుకుని కూర్చుంటాయి. రెండూ కలిసి అయస్కాంతానికి అతుక్కునే ఖనిజమూ ఉంది. ఇక ఎరుపంటారా, హెమటైట్ అనే ఇనుప రాయి పొడి చిటికెడు చాలు, గంపెడు దుమ్ముకు రంగేస్తుంది. ఇవన్నీ తెలిసీ తొందరపడ్డాడు.

దుమ్ములో బట్టల సోడా, సూరేకారం కలిపి మూసలో కరిగించాడు. చల్లారాక ముద్ద ఆకుపచ్చగా తేలింది. మాంగనీసు దాగి ఉంటే వచ్చే రంగు అది. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ అదే పచ్చ. లెక్క కడితే దుమ్ములో సగానికి పైగా మాంగనీసే.

పాత కాగితం చించి కొత్తది రాశాడు.

కురుమాన్ పట్టణంలో పరిహారం విచారణ రోజున గని మేనేజరు స్ట్రైడమ్ ఆయన్ని పక్కకు పిలిచాడు.

“నీకింకా రెండేళ్ళే సర్వీసు. ఎర్ర గీత దగ్గర ఆగిపో. నిన్నెవరూ తప్పుపట్టరు.”

“పచ్చ ముద్ద కూడా చూశాను సార్.”

లోపల, పరిహారం తేల్చే బోర్డు సభ్యుల ముందు, స్ట్రైడమ్ ఊరుకోలేదు. ముసలాడికి మతి తప్పిందన్నాడు. సెగామెట్సి దగ్గర ఏం తిన్నాడో కనుక్కోమన్నాడు. ఒరాబిలే రెప్ప వేయలేదు. కోపం వచ్చింది గానీ గొంతు పెరగలేదు. నెమ్మదిగా, ఒకే స్థాయిలో, మాట తర్వాత మాటగా, ఆ ఎరుపు కింద ఏముందో చెప్పాడు. ఇంత నిబ్బరమైన సాక్షిని తన సర్వీసులో చూడలేదని బోర్డు అధ్యక్షుడు అందరి ముందూ అన్నాడు. సెగామెట్సి శాలువా అంచుతో కళ్ళు తుడుచుకుంది. మొలెఫీ ఇస్త్రీ కోటు వేసుకుని, వణికే చేతులను ఒళ్ళో టోపీ కింద దాచుకుని, ఒరాబిలేను చూసి చిన్నగా నవ్వాడు. తిరిగి నవ్వాలని ఒరాబిలేకూ అనిపించింది.

దుమ్ము సంగతి తేలిపోయింది. మొలెఫీ జబ్బు ఆ దుమ్ము వల్లే వచ్చిందని డాక్టరు చెప్పడమే మిగిలింది. అందుకోసం బోర్డు కింబర్లీ నుంచి ఒక డాక్టరమ్మను పిలిపించింది. మాంగనీసు రోగులను ఆమె వందమందిని చూసిందట, ముఖం చూసే జబ్బు పోల్చేస్తుందట. మొలెఫీని మాత్రం ఎన్నడూ చూడలేదు. దారిలో టైరు పేలి గంట ఆలస్యంగా వచ్చింది.

ఆమె గుమ్మంలో ఆగి గదంతా ఒకసారి కలియజూసి, ఎవరి పేరూ అడక్కుండానే తిన్నగా వచ్చి, ఒరాబిలే ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుని, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని, “మొలెఫీ గారూ, ఈ జబ్బు మీకు మొదలై ఎన్నేళ్ళయింది?” అని అడిగింది.